ఫుకుఒకాలో జూలై రాత్రులు: యమకాసా పండగ, యటాయ్ బండ్లు – వెళ్ళినవాళ్ళు కాస్త చెప్పండి

విశాఖ_వేణి · జూన్ 9

అందరికీ నమస్కారం. మా ఆయనకి ఆఫీసు పని మీద జపాన్‌లోని ఫుకుఒకా ప్రయాణం పడింది. జూలై 4 నుంచి 18 దాకా. నేనూ, మా అత్తగారూ కూడా వెళ్తున్నాం. పగలంతా ఆయన పనిలో ఉంటారు, ముగ్గురం కలిసి తిరగాలంటే సాయంత్రం ఆరు దాటాలి. అంటే మేం చూడబోయేది ఎక్కువగా రాత్రి ఊరే. ఆ రోజుల్లోనే అక్కడ పెద్ద పండగ ఉందని, రోడ్డు పక్కన బండ్ల దగ్గర తిండి బాగుంటుందని విన్నాను. నేను పుట్టి పెరిగింది వైజాగ్‌లో. రేవు ఉన్న ఊరంటే నాకు ఎక్కడైనా మమకారమే.

సందేహాలు రెండు. మా అత్తగారికి 67 ఏళ్ళు, గుడ్డు కూడా ముట్టరు. బాగానే నడుస్తారు కానీ తోపులాట అంటే భయం. నేను చేపా కోడీ తింటాను, పంది మాంసం తినను. మాలాంటి వాళ్ళకి అక్కడ రాత్రుళ్ళు సరదాగా గడుస్తాయా? బండ్ల దగ్గర కూర్చోవచ్చా?

నకసు_నీడ · జూన్ 9

వేణి గారూ, మీ తేదీలు చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఆరేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంటున్నాను. మీరు దిగేది సరిగ్గా హకాతా గియోన్ యమకాసా మధ్యలో. జూలై 1న మొదలై 15 తెల్లవారుజామున ముగుస్తుంది. ఏ ఏడైనా ఇవే తేదీలు, వారం చూసుకుని మార్చరు.

ముందు ఊరి సంగతి చెప్పాలి, లేకపోతే పండగ అర్థం కాదు. నకా నదికి తూర్పున ఉన్నది హకాతా. అది వర్తకుల పేట, పాత రేవు. పడమటి గట్టున ఫుకుఒకా, అది కోట, సమురాయ్‌ల పేట. 1889లో రెంటినీ కలిపి నగరం చేసినప్పుడు ఊరికి ఫుకుఒకా అని పేరు పెట్టి, అదే ఏడు వచ్చిన రైల్వే స్టేషనుకి మాత్రం హకాతా అని ఉంచారు. అందుకే విమానం టికెట్టు మీద ఒక పేరు, రైలు టికెట్టు మీద ఇంకో పేరు కనిపిస్తుంది. కంగారు పడకండి. పండగ మాత్రం హకాతా వాళ్ళది. ఆ పేటలో ముసలాయన్ని ఎవరినైనా అడగండి, సంవత్సరం జూలై 15న అయిపోయి, మర్నాటి నుంచి కొత్తది మొదలవుతుందన్నట్టు మాట్లాడతారు.

యమకాసా అంటే రథం లాంటిదే, కానీ చక్రాలు ఉండవు. దూలాలు కట్టి భుజాల మీద మోస్తూ పరుగెడతారు. బరువు దాదాపు ఒక టన్ను. ఒకసారికి ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది మంది పడతారు, పరుగు ఆపకుండానే మనుషులు మారుతుంటారు. పాత పేటలు ఏడు: ఎబిసు, దోయి, దైకొకు, హిగాషి, నకసు, నిషి, చియో. వీటిని 'నగరే' అంటారు, అంటే ప్రవాహం. ఒక్కో నగరేకి ఒక్కో యమకాసా. నడుముకి బిగించి కట్టిన గోచీ, పైన పొట్టి చొక్కా, కాళ్ళకి జికా తాబి అనే గుడ్డ జోళ్ళు. చిన్న పిల్లాడి నుంచి తాత దాకా అదే వేషం. చిన్న ఆడపిల్లలు కూడా నాన్నల చెయ్యి పట్టుకుని పరుగెడతారు.

తిండి గురించి రేపు రాస్తాను, అది వేరే పురాణం. మీ అత్తగారి విషయం నేను ఆలోచిస్తాను, భయపడకండి.

పాత_సైకిల్ · జూన్ 9

నీడ గారు మొదలుపెట్టారు కాబట్టి నాకు తెలిసింది కలుపుతాను. 1241లో హకాతాలో అంటురోగం ప్రబలింది. జోతెన్‌జీ గుడిని స్థాపించిన షోఇచి కొకుషి అనే బౌద్ధ భిక్షువు ఒక పలక మీద కూర్చుంటే ఊరివాళ్ళు ఆయన్ని మోసుకుంటూ వీధివీధీ తిప్పారట. ఆయన నీళ్ళు చల్లుతూ రోగం పోవాలని ప్రార్థించారట. పండగ పుట్టుక అదేనని హకాతా వాళ్ళు చెప్పుకుంటారు. ఇప్పటికీ యమకాసా పరుగెడుతుంటే ఇళ్ళ ముందు నిలబడ్డవాళ్ళు బకెట్లతో నీళ్ళు కుమ్మరిస్తారు. మోసేవాళ్ళ ఒళ్ళు చల్లబడుతుంది, మొదటి కథా నిలబడుతుంది.

ఆ భిక్షువు సముద్రం దాటి చైనా వెళ్ళి చదువుకుని హకాతా రేవులోనే దిగారు. వస్తూ వస్తూ పిండి విసిరే మర నమూనా తెచ్చారని, దానివల్లే ఇక్కడ ఉదోన్, సోబా అనే సేమ్యా లాంటి పిండి వంటకాలు పుట్టాయని చెబుతారు. జోతెన్‌జీ ఆవరణలో 'ఉదోన్, సోబాల జన్మస్థలం' అని రాతి ఫలకం ఉంది. పండగకీ పిండివంటకీ మూలం ఒకే మనిషి అన్నమాట. పండగ చివరి పరుగు దారి ఆ గుడి ముందు నుంచే పోతుంది. నాకు ఈ ఊళ్ళో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే. ఆ ఫలకం దగ్గర చాలాసేపు నిలబడిపోయాను.

2016లో జపాన్‌లోని 33 రథోత్సవాలను కలిపి యునెస్కో గుర్తింపు ఇచ్చింది, అందులో ఇదొకటి.

ఓరుగల్లు_రవి · జూన్ 10

మంచి ముచ్చట మొదలువెట్టిన్రు. నేను రెండేండ్ల కింద పోయిన, గానీ నవంబర్ల. పండుగ సూడలే. గని యటాయ్‌ల కాడ నాలుగు రాత్రులు కూసున్న. నీడ అన్నా, తిండి పురాణం జల్ది రాయి. నాగహామా దిక్కు బండ్లు మళ్ళ పెరిగినయని విన్న, నిజమేనా?

నకసు_నీడ · జూన్ 10

నిజమే రవీ. నాగహామాలో బాగా తగ్గిపోయాయి కదా, నగరపాలక సంస్థ దరఖాస్తులు పిలిచాక మళ్ళీ కొత్తవి వచ్చాయి.

తెలియనివాళ్ళ కోసం: యటాయ్ అంటే చక్రాల మీద నడిచే చిన్న వంటిల్లు. వెడల్పు 3 మీటర్లు, లోతు రెండున్నర మీటర్లు. మధ్యలో పొయ్యిలు, వంటాయన. చుట్టూ చెక్క బల్ల, ఎనిమిది పది మంది ఆనుకుని కూర్చునే చోటు. సాయంత్రం ఐదు దాటాక ఒక్కొక్కటే లాక్కొచ్చి పేవ్‌మెంటు మీద నిలబెడతారు. నీటి గొట్టం, కరెంటు తీగ తగిలిస్తారు, పరదాలు దించుతారు. తెల్లారేలోపు అన్నీ విప్పి, కడిగి, లాక్కెళ్ళిపోతారు. పొద్దున ఆఫీసుకి పోతూ చూస్తే అక్కడ ఒక నూనె చుక్క కూడా ఉండదు. బండ్లు లాగడమే పనిగా పెట్టుకున్నవాళ్ళు వేరే ఉంటారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బతుకుతెరువు కోసం పుట్టిన బండ్లు ఇవి. 1960ల్లో నాలుగు వందల పైచిలుకు ఉండేవట. తర్వాత దుర్వాసన, దారికి అడ్డం, మురుగు అని ఫిర్యాదులు వచ్చాయి. 1990ల్లో కొత్తవాళ్ళకి ఇవ్వం, ఉన్నవాళ్ళ తరంతో సరి అన్నట్టు నియమం పెట్టారు. అలాగే వదిలేస్తే ఈపాటికి కథ ముగిసేది. 2013లో నగరం ప్రత్యేకంగా యటాయ్ నిబంధనల చట్టం చేసింది. ధరలు రాసి పెట్టాలి, శుభ్రత పాటించాలి, బండి యజమాని తానే నడపాలి. దానికి బదులుగా కొత్తవాళ్ళకి పోటీ పెట్టి చోటిస్తారు. ఇప్పుడు ఊరంతటా వంద దాకా ఉన్నాయి. నకసులో నది ఒడ్డున, తెన్‌జిన్‌లో, నాగహామాలో. ఒక నగరం తన వీధి తిండిని తరిమేయకుండా చట్టంతో కాపాడుకోవడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. మన ఊళ్ళలో బండ్లవాళ్ళని పోలీసులు లేపేస్తుంటే చూసి పెరిగినవాణ్ణి కదా.

ఇక కూర్చునే పద్ధతి. ఇద్దరు ముగ్గురు వెళ్తే చోటు దొరుకుతుంది, ఆరుగురు కష్టం. పెద్ద సూట్‌కేసులతో వెళ్ళొద్దు. మనిషికి ఒక పానీయం, ఒక వంటకం తప్పకుండా చెప్పాలి. మందు తాగనివాళ్ళు ఊలాంగ్ టీ చెప్పొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. వెనక జనం నిలబడి ఉంటే తిని లేవాలి, ఒక్కచోటే తిష్ట వేయకుండా రెండు మూడు బండ్లు మారడం ఇక్కడి అలవాటు. బండికి మరుగుదొడ్డి ఉండదు, ముందే చూసుకోండి. నోట్లు, చిల్లర దగ్గర పెట్టుకోండి. పచ్చి చేప యటాయ్‌లో వడ్డించకూడదని నియమం, కాబట్టి సుషీ కోసం వెతకొద్దు. గట్టి వాన పడితే చాలా బండ్లు రావు. జూలై మధ్య దాకా వానాకాలమే, ఇది గుర్తుంచుకోండి.

ఓరుగల్లు_రవి · జూన్ 10

అన్న చెప్పింది నిజం. నాకు నచ్చింది ఆ ఇరుకే. పక్కకు కూసున్నాయన మోచెయ్యి మన మోచేతికి తగుల్తది, ఇంక మాట్లాడకుంట ఎట్లుంటం? ఒక రాత్రి నా పక్కన చేపల మార్కెట్ల పని చేసే పెద్దమనిషి కూసున్నడు. నాకు జపనీస్ రాదు, ఆయనకు ఇంగ్లిష్ రాదు. గని రామెన్ ఎట్ల చెప్పాల్నో ఆయనే నేర్పిండు.

అదేందంటే, ఈడి రామెన్ల సేమ్యాలు మస్తు సన్నగుంటయి. నాగహామా మార్కెట్ల పనోళ్ళకు టైం ఉండదు, సన్నగుంటే జల్దిన ఉడుకుతయి. గని సన్నటివి రసంల ఉంటే మెత్తవడుతయి. అందుకే మొదలు కొంచెమే ఏసిస్తరు, అయిపోయినంక "కాయెదామా" అని ఒక్క కేక వేస్తే ఉడికిన సేమ్యాలు మళ్ళొకసారి మన గిన్నెలనే ఏస్తరు. రసం కొద్దిగ మిగిలించుకోవాలె, అది మర్చిపోవద్దు. ఎంత గట్టిగ కావాల్నో మనమే చెప్పాలె. కతా అంటే గట్టిగ, బారికతా అంటే ఇంకింత గట్టిగ, హరిగనే అంటే తీగె లెక్క. నేను బారికతా చెప్పంగనే ఆ పెద్దమనిషి నా భుజం మీద చెయ్యేసి ఏదో అన్నడు. నాకు సమజ్ కాలే గని, మంచి మాటే అయ్యుంటది. ఆ మొఖం ఇప్పటికీ యాదికుంది.

వేణక్కా, రసం మొత్తం పంది బొక్కలతోటే. అది మీకు నడవది.

కడప_కుర్రోడు · జూన్ 11

అక్కా, నేను పోయినేడు పోయినా. ఒక విషయం జాగ్రత్త. ఒక బండి కాడ ధరల పలక లేకుండానే కూర్చుండిపోయినా. ఆకలి మీద ఉంటి. పుల్లకి గుచ్చి కాల్చిన ముక్కలు మూడు, ఒక బీరు, ఒక ప్లేటు మెంతైకో ఆమ్లెట్టు తింటే పక్క బండ్లో అయ్యేదానికి రెండింతలు అడిగినారు. భాష రాదు, ఏం అడగాల్నో తెలీదు, ఇచ్చి లేచినా. బో బాధేసింది, డబ్బుకి కాదు, మొదటి రాత్రే అట్లయిందే అని. ఆ ఒక్కటి తప్పితే మిగతా ఆరు బండ్లలో ఎక్కడా ఒక్క యెన్ను తేడా రాలేదు. కాబట్టి ధరలు రాసిన పలక చూసి, ఒకసారి చేత్తో చూపించి అడిగి, ఆ తర్వాతే కూర్చోండి.

ఇంకోటి. మెంతైకో తప్పకుండా తినండి. చేప గుడ్లు, కారం పెట్టి ఊరేసింది. నాకైతే మన ఊరగాయ గుర్తొచ్చింది. ఆ దేశంలో వారం రోజులు కారం లేకుండా తిన్యాక నాలిక్కి ప్రాణమొచ్చింది. దాన్నే గుడ్డట్టులో పెట్టి చుట్టి ఇస్తారు, లోపల ఎర్రగా, సగం ఉడికి ఉంటుంది.

పాత_సైకిల్ · జూన్ 11

మెంతైకో కూడా రేవు తెచ్చిన రుచే. కొరియాలోని బూసాన్ ఇక్కడికి సముద్రం మీద దగ్గర, ఓడలు నడుస్తూనే ఉంటాయి. బూసాన్‌లో పుట్టి పెరిగిన కవహరా తొషియో అనే ఆయన యుద్ధం తర్వాత నకసులో చిన్న దుకాణం పెట్టి, చిన్నప్పుడు తిన్న కారపు చేపగుడ్ల రుచిని ఇక్కడివాళ్ళ నోటికి తగ్గట్టు మార్చి 1949 జనవరి 10న అమ్మడం మొదలుపెట్టారు. ఫుకుయా అన్నది ఆ దుకాణం పేరు. తయారీ పద్ధతిని తన ఒక్కడి సొత్తు చేసుకోకుండా అడిగినవాళ్ళకి నేర్పారు. అందుకే ఈ రోజు ఊళ్ళో చాలా కంపెనీలు దాన్ని చేస్తున్నాయి.

రవి గారు చెప్పిన పంది ఎముకల రసం రామెన్, అంటే టొన్కొత్సు రామెన్, మాత్రం హకాతాలో పుట్టలేదు. దక్షిణాన కురుమే అనే ఊళ్ళో 1937లో ఒక యటాయ్‌లోనే మొదలైంది. ఎక్కడ పుట్టినా బండి మీదే పుట్టింది.

గోదారి_లత · జూన్ 12

వేణి గారూ, శాకాహారం సంగతి నేను చెబుతాను. మూడేళ్ళు అక్కడ ఉన్నాం, ఇంట్లో నేనూ మా అమ్మాయీ శాకాహారులం. నిజం చెప్పాలంటే యటాయ్‌లో మీ అత్తగారికి కడుపు నిండదు. చిక్కు మాంసం కాదు, 'దాషి'. ఎండు చేప నానబెట్టి కాచిన ఆ నీళ్ళు కూరల్లో, పులుసుల్లో, చివరికి ముంచుకుతినే రసంలో కూడా ఉంటాయి. ఉదోన్ మీద వేసేవి కూరగాయలే అయినా కింద రసం చేపదే. పచ్చి టోఫూ మీద కూడా చేప పొట్టు చల్లుతారు.

అలాగని బయటే నిలబెట్టొద్దు. ఉడికించి ఉప్పు చల్లిన ఎదామామే ఉంటుంది, మన పచ్చి సోయా కాయలు. కోడి పుల్లలు కాల్చే యాకితోరి బండ్ల దగ్గర పచ్చి క్యాబేజీ ముక్కలు పులుపు రసం చల్లి పెడతారు, హకాతా అలవాటు అది. వేరే పుల్లలకి గుచ్చి మిరపకాయ, షీతాకే పుట్టగొడుగు, పచ్చి ఉల్లి ఉప్పుతో మాత్రమే కాల్చమని అడగొచ్చు. కాకపోతే కాల్చే చువ్వలు వేరుగా ఉండవు. మీ అత్తగారికి అది అభ్యంతరమైతే మొదటి రెండింటితో సరిపెట్టండి. "నికు మో సకానా మో తబేమసెన్" అంటే మాంసం, చేప రెండూ తినను అని. దాంతో పాటు "దాషి మో" అని కలపండి. ఒక కాగితం మీద రాయించుకుంటే ఇంకా మంచిది. మేం ఇంట్లో అన్నం, పప్పుచారు తిని, తొమ్మిదింటికి బండి దగ్గరికి వెళ్ళి ఎదామామే, టీ తీసుకుని గంటసేపు జనాన్ని చూస్తూ కూర్చునేవాళ్ళం. మాకు ఆ గంటే రోజంతటిలో ఇష్టమైన గంట.

కవబతా బజారు వీధిలో జెంజాయ్ తప్పకుండా పెట్టించండి. ఎర్ర అజుకి గింజలు పంచదారతో ఉడికించి, కాల్చిన జిగురు బియ్యపు మోచీ ముద్ద వేసి ఇస్తారు. చాలా తియ్యగా ఉంటుంది, పక్కన ఊరగాయ ముక్క పెడతారు. సాయంత్రమే మూసేస్తారు, కాబట్టి మీరిద్దరూ పగలు వెళ్ళండి. లోపలే ఎత్తైన అలంకార యమకాసా నిలబెట్టి ఉంటుంది.

విశాఖ_వేణి · జూన్ 12

లత గారూ, మీ జవాబు మా అత్తగారికి చదివి వినిపించాను. "గంటసేపు జనాన్ని చూడ్డానికి నేనొస్తాను" అన్నారు. దాషి సంగతి తెలిసి మంచిదైంది, లేకపోతే తెలియక తినేసేవారు. నీడ గారూ, ఇంతకీ ఏ రాత్రి ఎక్కడ ఉండాలి? 15 తెల్లవారుజామున అన్నారు, ఎన్నింటికి?

నకసు_నీడ · జూన్ 13

4 గంటల 59 నిమిషాలకి. ఐదు కాదు, 4:59. అప్పుడు ఈ పండగ చేసే కుషిదా గుడి దగ్గర పెద్ద డప్పు మోగుతుంది, మొదటి యమకాసా పరుగు అందుకుంటుంది. ముందు గుడి ఆవరణలోకి దూసుకొచ్చి జెండా చుట్టూ తిరగాలి, దాన్ని కుషిదా ఇరి అంటారు. మొదటిదానికి మాత్రమే అక్కడ ఒక నిమిషం ఆగి హకాతా శుభగీతం పాడే భాగ్యం. ఆ నిమిషం కోసమే ఐదింటికి ఒక నిమిషం ముందు. రెండోది 5:05కి, ఆ తర్వాత ఐదైదు నిమిషాలకి ఒకటి. దాదాపు 5 కిలోమీటర్లు, అరగంట చుట్టూ. దీన్నే ఒయియామా అంటారు, తరిమే యమకాసా.

గుడిలో కూర్చునే టికెట్లు జూన్ చివర్లో అమ్ముతారు, పెట్టగానే అయిపోతాయి. వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. మీ అత్తగారితో అయితే గుడి దగ్గరి సందులకి అసలు వెళ్ళొద్దు. తోచోజీ గుడి ముందున్న వెడల్పాటి తైహాకు రోడ్డు మంచిది, తప్పుకోవడానికి చోటుంటుంది. ఆ రోజు సబ్‌వే మామూలు వేళ కన్నా ముందే మొదలవుతుంది, వేళలు స్టేషన్లో అంటిస్తారు. చిన్న మడత స్టూలు, మార్చుకోవడానికి పొడి బట్టలు తెచ్చుకోండి. నీళ్ళు పడతాయి.

దానికి ముందు: 1 నుంచే ఊళ్ళో పదికి పైగా చోట్ల 'కజరియామా' అనే ఎత్తైన అలంకార యమకాసాలు నిలబడి ఉంటాయి. హకాతా బొమ్మలు చేసే కళాకారులే వాటిని చేస్తారు. ముందు వైపు యుద్ధకథలు, వెనక వైపు పిల్లలకి నచ్చే బొమ్మలు. రాత్రి దీపాలు వేస్తారు, రద్దీ ఉండదు. మీ ముగ్గురికీ మొదటి వారం పని ఇదే. పూర్వం మోసే యమకాసాలే అంత ఎత్తు ఉండేవి. మెయిజీ చక్రవర్తి కాలంలో వీధుల్లో కరెంటు తీగలు, ట్రాము తీగలు వచ్చాక అడ్డమై, మోసేది పొట్టిగా, చూసేది ఎత్తుగా విడిపోయాయి. 9 సాయంత్రం మోసేవాళ్ళంతా హకోజకి సముద్రపు ఒడ్డుకి పరుగెత్తి శుద్ధి కోసం ఇసుక తెచ్చుకుంటారు. పొద్దు గుంకే వేళ, అలల ముందు నిలబడి వాళ్ళు చేతులు జోడిస్తే చూడాలి. నాకు ఒయియామా కన్నా ఆ సాయంత్రమే ఎక్కువ ఇష్టం. 10, 14 సాయంత్రాలు ఒక్కో నగరే తన పేటలోనే మోస్తూ తిరుగుతుంది. 12 మధ్యాహ్నం 3:59కి రిహార్సలు పరుగు. 13న మాత్రమే నది దాటి తెన్‌జిన్ వైపు వస్తాయి.

ఒక మాట ముందే చెప్పాలి, తిరునాళ్ళలో లాగా తినుబండారాల దుకాణాల వరస ఈ పండగలో ఉండదు. ఇది పరుగు పండగ. సంతలా తిని తిరగాలంటే సెప్టెంబరులో హోజోయా ఉంది. పండగ రోజుల్లో రాత్రి తిండికి యటాయ్‌లే.

గోదారి_లత · జూన్ 13

హోజోయా అనగానే నా మనసు అక్కడికి పోయింది. సెప్టెంబరు 12 నుంచి 18 దాకా హకోజకి గుడి ముందు, సముద్రం వైపు పోయే దారికి రెండు పక్కలా వందల దుకాణాలు. కాల్చిన మొక్కజొన్న మీద సోయా రాస్తారు, ఆ వాసన స్టేషను మెట్లు ఎక్కుతుండగానే తగులుతుంది. పాకం పట్టిన ఆపిల్ పండ్లు, రంగు పోసిన మంచు తురుము, చేప పిల్లల్ని కాగితపు గరిటెతో పట్టే ఆట. పండగ అసలు అర్థం ప్రాణుల్ని వదిలిపెట్టడం, పట్టిన పక్షుల్ని, చేపల్ని విడుస్తారు. మరి ఆకులతో సహా కొత్త అల్లం అమ్ముతారు, కట్టలు కట్టలుగా! హకాతా వాళ్ళు హోజోయాకి వెళ్తే అల్లం కొనకుండా రారు. నేను ఆ అల్లంతో పచ్చడి చేసి పక్కింటి బామ్మకి ఇచ్చాను. ఆవిడ వేడి అన్నంలో కలుపుకుని తిని, మర్నాడు ఖాళీ సీసా కడిగి, అందులో తను ఉప్పులో ఊరేసిన ఉమెబోషి పండ్లు పెట్టి తిరిగిచ్చింది.

నిశాచరి · జూన్ 14

ఆడవాళ్ళు ఒంటరిగా రాత్రి తిరగడం గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. నర్సుగా ఇక్కడ పని చేస్తున్నాను, డ్యూటీ దిగేసరికి పదకొండు దాటుతుంది. నకసు అంటే రెండు నదుల మధ్య ద్వీపం, పెద్ద బార్ల పేట కూడా అదే. లోపలి వీధుల్లో పిలిచే మనుషులు ఉంటారు, వాళ్ళ వెంట వెళ్ళకండి. నది ఒడ్డు యటాయ్ వరస, తెన్‌జిన్ వరస మాత్రం నాకెప్పుడూ ఇబ్బంది కలిగించలేదు. ఒంటరి ఆడమనిషి కనిపిస్తే వంటాయనే తన ఎదురుగా, పొయ్యి దగ్గర చోటు చూపిస్తాడు. డ్యూటీలో ఎవరైనా పోయిన రోజు నేరుగా గదికి పోలేను. అక్కడ ఒక గిన్నె వేడి ఒదెన్, అంటే పులుసులో ఉడికించిన ముల్లంగి తిని, నది మీద రంగు దీపాలు చూసి వెళ్తాను. అది నాకు మందు.

కడప_కుర్రోడు · జూన్ 14

నిశాచరి అక్కా, చదివి కాసేపు మాట రాలేదు. బాగుండు.

విశాఖ_వేణి · జూలై 16

తిరిగి రాకముందే రాస్తున్నాను, మర్చిపోతానేమోనని.

9న హకోజకి వెళ్ళాం. నీడ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఒడ్డున ఇసుక ముట్టుకుని మా అత్తగారు కూడా దణ్ణం పెట్టుకున్నారు. మొదటి వారం రోజూ ఒక కజరియామా, ఒక బండి. నేను కోడి చర్మం పుల్లలు తిన్నాను. బయట కరకర, లోపల మెత్తన, ఎన్ని తిన్నా ఇంకోటి అనిపించేంత. తెన్‌జిన్‌లో ఒక బండాయన మా కాగితం చదివి, పెనం మళ్ళీ కడిగి, కొత్త నూనె వేసి అత్తగారికి మిరపకాయలు, ఉల్లి వేయించి పెట్టారు. వెనక నలుగురు నిలబడి ఉన్నా తొందరపడలేదు. వచ్చేటప్పుడు ఆవిడ ఆయనకి రెండు చేతులూ జోడించారు, ఆయన తలగుడ్డ తీసి వంగారు.

14 రాత్రి మేం పడుకోలేదు. అత్తగారే వద్దన్నారు. మూడున్నరకి తోచోజీ ఎదురుగా వెళ్ళి నిలబడ్డాం. అప్పటికే జనం, కానీ తోపులాట లేదు, మా పక్కనున్నవాళ్ళు స్టూలుకి చోటిచ్చి జరిగారు. ముందు రాత్రి వాన పడి రోడ్డంతా తడి. చీకట్లో దూరంగా "ఒయిస్సా, ఒయిస్సా" అని వినబడింది. ముందు చిన్నపిల్లలు పేరు పలకలు పట్టుకుని పరుగెత్తారు, వాళ్ళ వెనక తాతలు, వాళ్ళ వెనక ఆ బరువు. పైన కూర్చున్నవాళ్ళు ఎర్ర కర్రలు ఊపుతున్నారు. నేల అదరడం పాదాల్లోకి తెలిసింది. బకెట్టు నీళ్ళు మా అత్తగారి మీదా పడ్డాయి. నేను తువ్వాలు తీయబోతే వద్దన్నారు. "ఆ భిక్షువు నీళ్ళు కదే" అని కొంగుతో కళ్ళు మాత్రమే తుడుచుకున్నారు. ఏడూ వెళ్ళాక, చివర కవబతా వాళ్ళ ఎత్తైన యమకాసా కూడా పరుగెత్తుకుంటూ వచ్చేసరికి బాగా వెలుగొచ్చేసింది.

ఆరున్నరకి ఒక పేట సందులో యమకాసాని అప్పుడే విప్పేస్తున్నారు. పదిహేను రోజులు కట్టుకున్నది గంటలో. పక్కన పెద్ద బల్ల మీద కోసిన దోసకాయ ముక్కలు, ఉప్పు. పండగ పదిహేను రోజులూ వాళ్ళు దోసకాయ ముట్టరట, అడ్డంగా కోస్తే కుషిదా గుడి ముద్రలా ఉంటుందని. తడి బట్టల్లోనే ఉన్న ఒక పెద్దాయన మొదటి ముక్క తను నోట్లో వేసుకుని, ప్లేటు మా అత్తగారి ముందు పెట్టారు. ఉప్పు దోసకాయే కదా, కాగితం చూపించాల్సిన పని కూడా లేకపోయింది. ఆవిడ నాలుగు ముక్కలు తిన్నారు.

నకసు_నీడ · జూలై 16

వేణి గారూ, ఆ సందు ఏ నగరేదో గుర్తుందా? మోసేవాళ్ళ తలగుడ్డ రంగు చెప్పినా చాలు. వచ్చే ఏడు ఆ పెద్దాయనకి మీ అత్తగారి పేరు చెప్పి ఒక దోసకాయ నేను తింటాను.